కిటికీలోంచి వచ్చిన ఉత్తరాలు

పోయిన నెల ఈ శీర్షికలో సాకి అనే కలం పేరుతో రాసిన హెచ్. హెచ్. మన్రో కథ ‘తెరిచిన కిటికీ’ని నా మాటల్లో చెప్పాను. అప్పటి నుంచి మా పర్లాకిమిడి పోస్ట్‌మ్యాన్ నా మీద గుర్రుగా ఉన్నాడు. అన్ని ఉత్తరాలు మోయవలసి వచ్చింది మరి.

కథ చదవని వారికి రెండు ముక్కలు. నరాల జబ్బుకు విశ్రాంతి కోసం పల్లెకు వచ్చిన నటెల్ అనే ఆయన, సోదరి ఇచ్చిన పరిచయపు ఉత్తరం పట్టుకుని శ్రీమతి సాపుల్టన్ ఇంటికి వెళతాడు. ఆవిడ కిందికి దిగి వచ్చేలోపు పదిహేనేళ్ల మేనకోడలు వెరా కబుర్లు చెబుతుంది. సరిగ్గా మూడేళ్ల కిందట ఇదే రోజున అత్తయ్య భర్త, ఆవిడ తమ్ముళ్లిద్దరూ తలుపులా నేల దాకా ఉండే ఆ పెద్ద కిటికీలోంచే వేటకు వెళ్లి ఊబిలో దిగబడిపోయారట. శవాలు కూడా దొరకలేదట. ఎప్పటికైనా వస్తారని అత్తయ్య రోజూ ఆ కిటికీ తెరిచే ఉంచుతుందట. చీకటి పడే వేళకు ముగ్గురూ కుక్కతో సహా పచ్చిక మీదుగా నడిచి వస్తారు. నటెల్ టోపీ, కర్ర అందుకుని ఒకటే పరుగు. నిజానికి వాళ్లు పొద్దున వేటకు వెళ్లి సాయంత్రం తిరిగి వచ్చిన బతికున్న మనుషులే. చావులన్నీ ఆ పిల్ల కల్పన.

ప్ర: దయ్యం కథ అని చెప్పి దయ్యం లేకుండా ముగించారు. ఇది పాఠకుణ్ణి మోసం చేయడం కాదా? (ఒక ఉపాధ్యాయుడు, గుణుపూర్)

జ: కాదు. పేకాటలో ముక్కలన్నీ బల్ల మీద పరిచి మరీ గెలిచినవాణ్ణి మోసగాడని అంటారా? ఆ పిల్ల అబద్ధం మొదలుపెట్టే ముందు ఏమి అడిగిందో మళ్లీ చూడండి. ‘ఈ చుట్టుపక్కల మీకు చాలామంది తెలుసా?’ దాదాపు ఎవరూ తెలియదంటాడు. ‘అయితే మా అత్తయ్య గురించి మీకేమీ తెలియదన్నమాట.’ పేరు, చిరునామా తప్ప తెలియదంటాడు. ఇక దారి ఖాళీ. మన నౌపడా–గుణుపూర్ చిన్న రైలు తిరిగిన రోజుల్లో ఎదురుగా కూర్చున్నవాడు కూడా ‘మీకు ఈ ఊళ్లో చుట్టాలున్నారా’ అని అడిగి, లేరని రూఢి చేసుకున్నాకే తన తాత పులిని చంపిన కథ ఎత్తుకునేవాడు. ఆ రైలు నడకకు అలాంటి కథలు రెండు పట్టేవి.

ఇంకొకటి. ఆ గదిలో మగవాళ్లు మసలుతున్న జాడ ఏదో ఉందని రచయిత ఒక్క వాక్యంలో ముందే చెప్పేశాడు. నటెల్‌కు అది తోచింది కూడా. తోచిన దాన్ని పక్కన పెట్టి, విన్న దాన్ని నమ్మాడు. మీరూ, నేనూ అదే చేశాం.

ప్ర: మీరు ‘అత్తయ్య’ అని రాశారు. ఆంగ్లంలో ఉన్నది ‘ఆంట్’. పిన్ని కావచ్చు, పెద్దమ్మ కావచ్చు కదా? (గృహిణి, రాయగడ)

జ: నిజమే, దొరికిపోయాను. ఆంగ్లానికి ఆ బాధ లేదు, ఒక్క మాటతో అందరినీ సరిపెట్టేస్తుంది. మనం మాత్రం ఏ వైపు చుట్టమో తేల్చందే నోరు తెరవలేం. వెరా ఆవిడ అన్న కూతురైతే ఊబిలోకి దింపిన ఆ ఇద్దరు తమ్ముళ్లూ ఆ పిల్లకు సొంత బాబాయిలు. అక్క కూతురైతే మేనమామలు. సాపుల్టన్ గారి తరఫు పిల్లయితే లెక్క ఇంకోలా ఉంటుంది. ఎలా చూసినా సొంత మనుషులనే, రెప్ప వాల్చకుండా చంపేసింది. నేను అత్తయ్యను ఎంచుకున్నదానికి శాస్త్రం ఏమీ లేదు. మేనకోడలికి అత్తను ఏడిపించే హక్కు ఉంటుందని మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ చూశాను, అంతే.

ప్ర: అంత అబద్ధమాడిన పిల్లకు చివరికి శిక్ష లేదేమిటి? పిల్లలకు ఏమి నేర్పుతున్నట్టు? (పదవీ విరమణ చేసిన ఉద్యోగి, జయపురం)

జ: శిక్ష లేకపోగా ఇంకో అబద్ధానికి అవకాశం కూడా ఇచ్చాడు. నటెల్ ఎందుకు పారిపోయాడంటే, ‘కుక్కను చూసి’ అంటుంది వెరా. గంగ ఒడ్డున ఒక శ్మశానంలో ఊరకుక్కలు తరిమితే, కొత్తగా తవ్విన గోతిలో రాత్రంతా గడిపాడట పాపం. మన్రోకు రెండేళ్లు నిండకముందే తల్లి పోయింది. ఇంగ్లండులో నాన్నమ్మ ఇంట్లో, కఠినమైన ఇద్దరు మేనత్తల చేతి కింద పెరిగాడు. అలా పెరిగినవాడు పెద్దల పక్షం వహించి కథ రాస్తాడని ఆశించకండి. పైగా వెరా అంటే లాటిన్‌లో ‘నిజమైనది’ అని అర్థం. నవ్వుకుంటూ పెట్టిన పేరు.

ప్ర: వాళ్లు వేటాడింది ఏ పిట్టలను? (తొమ్మిదో తరగతి విద్యార్థి, బరంపురం)

జ: ఆంగ్లంలో స్నైప్ అంటారు బాబూ. బురద నేలల్లో తిరిగే, పొడుగు ముక్కున్న ఉల్లంకి పిట్టల్లాంటివి. చలికాలంలో మీ నాన్నగారు చిలికా తీసుకువెళితే గట్టు వెంట ఓపికగా చూడు. ఒక్కసారిగా లేచి వంకరటింకరగా ఎగురుతాయి కాబట్టి గురి కుదరడం కష్టం. వాటిని కొట్టగలిగే గురికాడి నుంచే ‘స్నైపర్’ అనే మాట పుట్టింది. ఇండియాలోని ఆంగ్ల సైనికులు వాడుకలోకి తెచ్చిన మాట అది. ఈ కథ 1914లో పుస్తకంలో వచ్చింది. వయసు మీరినా పట్టుబట్టి సైన్యంలో చేరిన మన్రో 1916 నవంబరులో ఫ్రాన్సు యుద్ధభూమిలో, 45 ఏళ్ల వయసులో చనిపోయాడు. కాల్చినవాడు జర్మన్ స్నైపర్.

ప్ర: మాస్టారూ, మీ కథ చదివి మా మనవరాలు పగలబడి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మా మామగారు గోపాల్‌పూర్‌లో స్టీమరు ఎక్కి రంగూన్ వెళ్లారు, బియ్యం మిల్లులో పని. యుద్ధం వచ్చాక కబురు లేదు. మా అత్తగారు బతికినంత కాలం వీధి తలుపు గడియ వేయనివ్వలేదు. గాలికి కొట్టుకోకుండా పొత్రం అడ్డం పెట్టేవారు. కుక్కలు దూరి అన్నం గిన్నె దొర్లించినా ఊరుకునేవారు. ఆ దొరకు ఇది ఆటగా ఉందా? (ఒక పాఠకురాలు, గోపాల్‌పూర్)

జ: ఆటగానే రాశాడు తల్లీ, కాదని మీతో అబద్ధం చెప్పలేను. కానీ ఆయన పుట్టిన ఊరు విన్నారా? బర్మాలోని ఆక్యాబ్. తండ్రి అక్కడ పోలీసు అధికారి. 1941 డిసెంబరులో రంగూన్ మీద బాంబులు పడ్డాక మనవాళ్లు వేల సంఖ్యలో కాలినడకన బయలుదేరారు. ప్రోమ్ నుంచి కొండలు దాటి అరకాన్ తీరానికి నడిచిన వారిలో కొందరు ఆ ఆక్యాబ్ చేరి, అక్కడ ఓడ ఎక్కి చిట్టగాంగ్ వెళ్లారు. అందరూ చేరలేదు. మా వీధిలోనూ తిథి తెలియక మహాలయ అమావాస్య నాడే తద్దినం పెట్టే ఇళ్లు ఉండేవి.

మీ ఉత్తరం చదివి కాసేపు ఏ పనీ చేయలేకపోయాను. ఆ తర్వాత చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. కళ్లజోడు తుడుచుకుని చేతిరాత చూశాను. గుండ్రంగా, గీత తప్పకుండా, బడిపిల్ల రాతలా ఉంది. మీరు చెబుతుంటే ఎవరైనా రాసి ఉంటారు అనుకున్నాను. నమ్మడానికి నాకు దొరికిన ఆధారం ఒక్కటే, మీరు తేదీ చెప్పలేదు. వెరా అయితే సరిగ్గా మూడేళ్లు, ఇదే రోజు అంటుంది. నిజంగా ఎదురుచూసే ఇంట్లో ఆ రోజు ఏదో ఎవరికీ తెలియదు.

ఆ పొత్రం కూడా నమ్మించింది. ఊరికే కల్పించే వాళ్లకు పొత్రం తట్టదనుకున్నాను. రాత్రి పడుకోబోతూ ఉంటే గుర్తొచ్చింది. మామయ్య చేతి మీద తెల్ల వాన కోటు ఉందని వెరా చెప్పింది. చిన్న తమ్ముడు ఏ పాట పాడుతూ వచ్చేవాడో కూడా చెప్పింది. నటెల్‌ను గేటు దాటించింది ఊబి కాదు, ఆ కోటు.

ఉత్తరం మాత్రం అక్షరం మార్చకుండా వేశాను. నాకు రెండు సంగతులు రాయండి. ఆ పొత్రం ఇప్పుడు ఎక్కడ ఉంది? మీ మనవరాలికి వయసెంత?