పెద్ద కంపెనీ పత్రం మీద సంతకం చేయవచ్చా?

ప్రశ్న: మేమిద్దరం ఇంట్లో లాప్‌టాప్, పాత సింథసైజర్లతో టెక్నో సంగీతం చేసి జూబ్లీహిల్స్ పబ్బుల్లో వినిపిస్తుంటాము. ఒక పెద్ద మ్యూజిక్ కంపెనీ ఒప్పంద పత్రం పంపింది. సంతకం చేస్తే అమ్ముడుపోయినట్టేనని తోటివారు అంటున్నారు. ఏం చేయాలి?
– ఇద్దరు మిత్రులు, సైనిక్‌పురి

జవాబు: తోటివారి మాటలను పక్కన పెట్టండి, అదే పత్రం తమకు వస్తే వారిలో ఎందరు కాదంటారో అనుమానమే. చూడవలసింది మాస్టర్ రికార్డింగుల, అంటే మీ సంగీతపు అసలు రికార్డింగుల హక్కు ఎవరికి పోతుందన్నది. పారిస్ ఎలక్ట్రానిక్ సంగీత జంట డాఫ్ట్ పంక్ 1996లో వర్జిన్ అనే మ్యూజిక్ కంపెనీతో ఒప్పందం చేసుకున్నప్పుడు, మాస్టర్లను తమ వద్దే ఉంచుకుని వాడుకునే లైసెన్సు మాత్రమే ఇచ్చింది.

మన కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ వల్ల, బాణీ కట్టినవారు తమకు రావలసిన రాయల్టీలో సమాన వాటాను కంపెనీకి వదులుకుంటామని రాసిచ్చినా చెల్లదు. అయితే ఈ రక్షణ బాణీకే గాని రికార్డింగుకు కాదు. మీ సంగీతంలో ఆ రెండూ ఒకే లాప్‌టాప్‌లో ఒకేసారి పుడతాయి కనుక, రికార్డింగును రాసిచ్చేటప్పుడు ఏది పోతుందో, ఏది మిగులుతుందో తెలియకుండా పోయే ప్రమాదం ఉంది. రికార్డింగు హక్కు విడుదల తరువాత 60 ఏళ్లు ఉంటుంది.

హక్కులు రాసిచ్చే పత్రంలో గడువు రాయకపోతే చట్టం దానిని 5 ఏళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశంగా భావిస్తుంది. కంపెనీలు ‘శాశ్వతంగా’, ‘ప్రపంచమంతటా’ అని మరచిపోకుండా రాయడం ఊరికే కాదు! అడ్వాన్సు కూడా బహుమతి కాదు, సాధారణంగా మీ రాయల్టీలోంచే తిరిగి రాబట్టుకుంటారు. ఇతరుల పాటల నుంచి తీసుకున్న ముక్కలు (శాంపిళ్లు) ఉంటే, అనుమతి లేనప్పుడు వచ్చే దావా ఖర్చును మీ మీదికి నెట్టే నిబంధన ఉందేమో కాపీరైట్ తెలిసిన న్యాయవాది చేత చదివించండి. మీ ఇద్దరి మధ్య వాటాలను కూడా సంతకానికి ముందే కాగితం మీద పెట్టుకోండి.