ఇంట్లో లేత్ ఉంటే ఇంటిల్లిపాదికీ తెలియాల్సినవి

ప్రశ్న: మా మామయ్య రైల్వేలో రిటైరయ్యాక ఇంటి వెనక రేకుల షెడ్డులో లేత్ (ఇనుప ముక్కను తిప్పుతూ చెక్కే మిషన్) పెట్టుకున్నారు. గడియ పెట్టుకుని ఒక్కరే పని చేస్తారు. ఆయనకేమన్నా అయితే మాకెలా తెలుస్తుందని భయం. నాకు మిషన్ల గురించి ఏమీ తెలియదు.
– ఒక కోడలు, గుంతకల్లు

జవాబు: అమ్మా, మీకు లేత్ నడపడం రానక్కర్లేదు, ఆపడం వస్తే చాలు. షెడ్డు మెయిన్ స్విచ్చు లోపలి గోడకుంటే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి బయట, తలుపు పక్కనే భుజం ఎత్తులో పెట్టించండి. లోపలికి అడుగు పెట్టకుండానే కరెంటు తీసేయగలగాలి. దాంతోపాటు కరెంటు లీకైతే దానంతటదే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా వేయించండి. దాని టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కండి. టక్కున పడిపోవాలి, పడకపోతే మార్పించాలి. అది షాకు నుంచి కాపాడుతుంది గానీ, గిర్రున తిరిగే గుండ్రటి భాగమైన చక్‌లో ఇరుక్కున్న చేతిని కాపాడలేదు. అందుకే మెయిన్ ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలియాలి.

లోపలి గడియ తీయించేయండి. పిల్లలు వస్తారని పెట్టుకుని ఉంటే, రెండు వైపుల నుంచీ తీయగలిగే గొళ్లెం పిల్లలకందని ఎత్తులో బిగిస్తే సరిపోతుంది. "షెడ్డులోకి పోతున్నా, ఏడింటికి వస్తా" అని చెప్పి వెళ్లడం ఆయనకు అలవాటు చేయండి. ఏడు దాటితే వెళ్లి చూడండి. మోటరు తిరుగుతున్న చప్పుడే తప్ప ఇనుము కోస్తున్న చప్పుడు చాలాసేపు వినబడకపోయినా వెళ్లండి.

వెళ్లినప్పుడు వెనక నుంచి "మామయ్యా, కాఫీ!" అని కేక వేయొద్దు. ఆయన ఉలిక్కిపడి తల తిప్పేసరికి చెయ్యి ఇంకా ఇనుమును కోసే టూలు దగ్గరే ఉంటుంది. చక్ సూటిలో కాకుండా, లేత్ రెండో కొన వైపు, ఆయన కంటికి కనబడేలా నాలుగడుగుల దూరంలో నిలబడండి. ఆయన టూలు వెనక్కి తీసి మీవైపు చూశాకే మాట్లాడండి.

బట్టో చెయ్యో చుట్టుకుందా, ముందు మెయిన్ తీయండి. మనిషిని పట్టుకుని లాగొద్దు. కరెంటు పోయినా చక్ కొద్దిసేపు తిరుగుతుంది. అది పూర్తిగా ఆగాక బట్టను బ్లేడుతో కోసి విడిపించండి. రక్తం కారుతుంటే శుభ్రమైన బట్ట పెట్టి గట్టిగా అదిమి పట్టుకుని, 108కి ఫోన్ చేయండి. వేలు తెగిపడితే దాన్ని తడి గాజుగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి కట్టి, ఆ కవర్ని ఐసు నీళ్లలో ఉంచి మనిషితోపాటే పంపండి. వేలిని నేరుగా ఐసులో పెడితే కండ పాడైపోయి అతకడానికి పనికిరాదు. వేలు అతికించే సర్జన్ ఏ ఆసుపత్రిలో ఉన్నారో అనంతపురం, కర్నూలు వైపు ఇప్పుడే కనుక్కుని, ఆ నంబరు తలుపు మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టండి.

షాకు కొట్టి ఊపిరి ఆడకపోతే, మెయిన్ తీశాక ఛాతీ మధ్యలో రెండు చేతులతో 5 సెంటీమీటర్లకు తగ్గకుండా లోపలికి నొక్కుతూ, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, అంబులెన్సు వచ్చేదాకా చేయాలి. అలసిపోతే ఇంకొకరు అందుకోవాలి.

ప్రశ్న: మా పక్కింటి అన్న గ్లవుజులు తొడుక్కునే డ్రిల్లింగ్ మిషన్ నడుపుతాడు, పైగా లుంగీ మీద. ఎప్పట్నుంచో చేస్తున్నా అంటాడు. పెద్దవాడు, ఎలా చెప్పేది?
– ప్రొద్దుటూరు పాఠకుడు

జవాబు: మిషను తిరుగుతుండగా చెప్పొద్దు, పని ఇచ్చినవాళ్ల ముందర అసలే వద్దు. ముందు ఆయన్నే మీ షెడ్డుకు పిలవండి. "అన్నా, మా గ్రైండరు ఒకసారి చూడు, తేడా ఏమన్నా ఉందా?" అని అడగండి. ఆయన నాలుగు తప్పులు పట్టుకుంటే, రేపు మీరు ఆయన షెడ్డులో ఒకటి చూపించినా తప్పుగా అనుకోడు. నెలకో ఆదివారం ఇలా ఒకరి షెడ్డు ఒకరు చూసుకోవడం మంచి పద్ధతి. రోజూ చూసే వస్తువులో తప్పు మన కంటికి ఆనదు.

గ్లవుజుల సంగతి లెక్కతోనే చెప్పండి. డ్రిల్లు నిమిషానికి 600 చుట్లు తిరిగితే సెకనుకు పది. గ్లవుజు అంచు తగులుకున్నట్టు మనకు తెలిసి చెయ్యి వెనక్కి తీసేలోపే రెండు మూడు చుట్లు చుట్టేస్తుంది. ఒట్టి చేతికి తగిలితే చర్మం కోసుకుపోతుందేమో గానీ, గ్లవుజైతే చేతిని మొత్తంగా లోపలికి లాగుతుంది. లుంగీ, భుజం మీద తువ్వాలు, చేతికి కట్టుకున్న తాడు, ఉంగరం, అన్నీ అంతే. గ్లవుజులు వెల్డింగుకు, ఆగిన మిషను మీది చిప్స్ (కోతలో రాలే ఇనుప తునకలు) తీయడానికి వాడాలి. తిరిగే లేత్ మీద పొడుగ్గా చుట్టుకునే చిప్స్‌ను చేత్తో పట్టుకోకూడదు. మిషను ఆపి, కొక్కెం కడ్డీతో లాగాలి.

డ్రిల్లు కింద రేకు పెట్టి చేత్తో పట్టుకుంటున్నాడేమో కూడా గమనించండి. రంధ్రం అవతలికి పడే క్షణంలోనే బిట్టు రేకును కరుచుకుని కత్తిలా తిప్పుతుంది. కింద చెక్కముక్క పెట్టి క్లాంపు బిగించాలి.

ఇక బెంచి గ్రైండరు. జాబ్‌ను, అంటే పని చేసే ముక్కను, ఆనించే రెస్టుకూ రాయికీ మధ్య సందు 3 మిల్లీమీటర్లు మించకూడదు. పైన గార్డు అంచున నాలుకలా ఉండే రేకుకూ రాయికీ మధ్య 6 మించకూడదు. రాయి అరిగేకొద్దీ ఈ సందులు పెరుగుతాయి, చాలామంది మళ్లీ సరిచేయరు. జాబ్ ఆ సందులోకి దిగబడితే రాయి పగులుతుంది. కొత్త రాయి వేసేముందు దాన్ని వేలికి తగిలించి స్క్రూడ్రైవర్ చెక్క పిడితో తట్టండి. ఖంగుమంటే మంచిది, డబ్‌మని మొద్దుగా మోగితే లోపల పగులున్నట్టే, పారేయండి. బిగించాక పక్కకు నిలబడి ఒక నిమిషం ఖాళీగా తిప్పండి.

లేత్ దగ్గరైతే చక్ బిగించే తాళంచెవి మీ చేతిని వదిలేముందే చక్‌లోంచి బయటికి రావాలి. మరిచిపోయి మిషన్ వేస్తే అది ఎవరి ముఖానికి వెళ్తుందో చెప్పలేం. హెడ్‌స్టాక్ (చక్‌ను తిప్పే పెట్టె) వెనక బయటికి పొడుచుకొచ్చిన సన్నటి పొడవు రాడ్డు కూడా స్పీడు పెరిగితే వంగి కొరడాలా కొడుతుంది. దానికి ఆధారం పెట్టాలి, అటువైపు ఎవరూ నిలబడకూడదు.

ప్రశ్న: మా పొలంలో బోరు మోటరుకు వాడిన 5 హెచ్‌పీ ఆటో స్టార్టరు ఖాళీగా ఉంది. 2 హెచ్‌పీ త్రీఫేజ్ లేత్‌కు పెట్టొచ్చా?
– ఎమ్మిగనూరు పాఠకుడు

జవాబు: ఉన్నది ఉన్నట్టుగా ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టొద్దు. కరెంటు వచ్చిన వెంటనే బోరు తనంతట తానే తిరగాలని ఆటో పెడతాం. లేత్‌కు అదే ప్రాణాంతకం. కరెంటు పోయిందని మీరు చక్‌లో చెయ్యి పెట్టి జాబ్ సర్దుకుంటుంటే, వచ్చిన మరుక్షణం మోటరు లేస్తుంది. స్విచ్చు మాన్యువల్‌లో పెట్టి వదిలేస్తే ఎవరో ఒకరు తిప్పేస్తారు. ఎలక్ట్రీషియన్ చేత ఆటో యూనిట్ వైర్లే విప్పించేయండి. అప్పుడది బటన్ నొక్కితేనే మోటరును నేరుగా లైనుకు కలిపే మామూలు డీఓఎల్ స్టార్టరు. కరెంటు పోతే కాంటాక్టరు (మోటరుకు కరెంటు కలిపే అయస్కాంత స్విచ్చు) పడిపోతుంది, పచ్చబటన్ నొక్కితే తప్ప లేవదు.

ఓవర్‌లోడ్ రిలే (మోటరు ఎక్కువ కరెంటు లాగితే ఆపేది) కూడా మార్చాలి. 5 హెచ్‌పీకి దాదాపు 7.5 ఆంపియర్ల దగ్గర పెట్టి ఉంటుంది. 2 హెచ్‌పీ మోటరు తీసుకునేది 3.5కు అటూ ఇటూ. పాత రిలేతో ఒక ఫేజు పోయినా స్టార్టరు పడక, మోటరు మూలుగుతూ కాలిపోతుంది. మోటరు ప్లేటు మీద రాసిన ఆంపియర్లకే సెట్ చేయించండి.

బిగించాక చక్ ఖాళీగా ఉంచి మిషన్ వేసి, మెయిన్ తీసి, ఐదు నిమిషాలాగి మళ్లీ వేయండి. ఆటోల్లో కొన్ని ఆలస్యంగా లేస్తాయి, అందుకే మెయిన్ వేశాక ఇంకో ఐదు నిమిషాలు చూడండి. మోటరు కదలకూడదు. టాగిల్ స్విచ్చుతో నడిచే గ్రైండర్లకూ ఇదే ప్రమాదం ఉంది. కరెంటు పోగానే స్విచ్చు ఆఫ్ చేసి ప్లగ్గు పీకేయడం ఇంట్లో అందరికీ నేర్పండి.

ప్రశ్న: నాలుగంగుళాల గ్రైండరుకు గార్డు తీసి ఏడంగుళాల వీల్ వేసి బండ కోస్తున్నారు మావాళ్లు. ఏమన్నా అవుతుందా?
– తాడిపత్రి పాఠకురాలు

జవాబు: అవుతుంది. చిన్న గ్రైండర్లు ఖాళీగా నిమిషానికి 11,000 చుట్ల దాకా తిరుగుతాయి. సాధారణ ఏడంగుళాల వీల్ మీద 8,500 మించొద్దనే రాసి ఉంటుంది. పగిలితే ముక్కలు పొట్టలోకి, గొంతులోకి దిగుతాయి. ఈరోజే ఆపించండి. బండ కోసేటప్పుడు లేచే సన్నటి దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. మూతికి తువ్వాలు కట్టుకుంటే ఆగదు, ఎన్95 మాస్కు ఉండాలి.

ప్రశ్న: జీఐ పైపులు (జింకు పూత వేసిన ఇనుప గొట్టాలు) వెల్డింగ్ చేసిన రాత్రి చలిజ్వరం వస్తోంది. వరండాలో ఆడుకునే పిల్లలకు కళ్లు మంటలు.
– కడప పాఠకుడు

జవాబు: జ్వరం జింకు పొగ వల్ల. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది గానీ, ఆయాసం ఉంటే వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. అతుకు దగ్గర రెండంగుళాల మేర జింకు పూత గీకేసి, ఆరుబయట, గాలి వీపు వెనక నుంచో పక్క నుంచో వచ్చేలా నిలబడి చేయండి. పిల్లల కళ్ల మంట ఆర్క్ (వెల్డింగ్ మెరుపు) వెలుగు వల్ల. అది కొన్ని గంటల తర్వాత గానీ తెలియదు, అందుకే రాత్రి ఏడుస్తారు. వరండాకూ మీకూ మధ్య తాత్కాలికంగా రేకు అడ్డం పెట్టండి. ఆర్క్ వేసేముందు ప్రతిసారీ "కళ్లు!" అని గట్టిగా అనండి. మంట పుడితే చల్లటి తడిగుడ్డ వేసి కంటి డాక్టరుకు చూపించండి. ఆముదం, చనుబాలు వేయొద్దు, రుద్దొద్దు.