సబ్స్ కడుతున్నాం కదా, నెట్లు కూడా మేమే కట్టాలా?

ఇంగ్లండ్ వచ్చి ఇంకా ఏడాది కాని ఒక జంట మొన్న మా ఇంటికొచ్చి అడిగారు. "అంకుల్, మావాణ్ణి దగ్గర్లోని ఫుట్‌బాల్ క్లబ్బులో వేశాం. నెలనెలా డబ్బు కడుతూనే ఉన్నాం. అయినా ఆదివారం పొద్దున్నే వచ్చి గోల్ నెట్లు కట్టమంటారు, ఆట అయ్యాక విప్పమంటారు. ట్యూషన్ సెంటర్ వాళ్లు తల్లిదండ్రుల చేత బెంచీలు మోయిస్తారా? ఇదేం వరస?"

నాకు నవ్వొచ్చింది. ఇరవై ఏళ్ల కిందట ఇదే ప్రశ్న నాదీ. వాళ్లు నోటితో అడిగారు, నేనైతే ఏకంగా మెయిల్ పెట్టాను. మా పెద్దాణ్ణి మ్యాచ్‌లో సగం సేపే ఆడించారని, డబ్బు తీసుకుంటున్నప్పుడు కోచింగ్ కూడా దానికి తగ్గట్టు ఉండాలని నాలుగు పేరాలు. కోచ్ జవాబు ఒక్క ముక్క: మంగళవారం ప్రాక్టీసుకి రండి, కోన్లు పరచడానికి మనిషి కావాలి. వెళ్లాను. ఆయన పగలంతా బస్సు నడిపి నేరుగా మైదానానికి వచ్చాడు, ఇంకా యూనిఫాం మీదే ఉన్నాడు. క్లబ్బు ఆయనకి పైసా ఇవ్వదని అప్పుడు తెలిసింది. ఆ రోజు నోరెత్తకుండా కోన్లు పరిచాను.

మనం కట్టే ఆ నెలవారీ చందాని ఇక్కడ సబ్స్ అంటారు. అది మైదానం అద్దెకి, రిఫరీకి, ఇన్సూరెన్సుకి, లీగ్ రుసుముకి, బంతులకి పోతుంది. కోచింగ్‌కి కట్టే ఫీజు కాదది. వినాయకుడి పందిరికి చందా ఇచ్చినవాడు "డబ్బిచ్చానుగా, ప్రసాదం ఇంటికి పంపండి" అనడు కదా, ఇదీ అంతే. కోచ్, సెక్రటరీ, ట్రెజరర్, జెర్సీలు ఉతికే ఆవిడ, అందరూ ఏదో ఒక పిల్లాడి అమ్మో నాన్నో తాతో. పెద్ద ప్రొఫెషనల్ క్లబ్బుల అకాడమీలు, లాభం కోసం నడిపే ప్రైవేటు కోచింగులు వేరే ఉన్నాయి. మీకు కావలసింది అదైతే అక్కడికే వెళ్లండి, తప్పు లేదు. రెండూ ఒకటే అనుకుంటేనే గొడవ.

ఈ క్లబ్బులు ఇలా ఎందుకు ఉంటాయో తెలియాలంటే కాస్త పాత కథ వినాలి. 1850 ఫ్యాక్టరీ చట్టం వచ్చాక బట్టల మిల్లుల్లో ఆడవాళ్ల చేత, కుర్రాళ్ల చేత శనివారం మధ్యాహ్నం 2 గంటలు దాటాక పని చేయించకూడదన్నారు. వాళ్లు లేకుండా మిల్లు నడవదు. అలా శనివారం సగం రోజు సెలవు మెల్లగా అలవాటైంది. ఇక్కడి పెద్దవాళ్ల లీగ్ మ్యాచ్‌లు ఆనవాయితీగా శనివారం 3 గంటలకు మొదలవడం వెనక ఉన్నది ఆ సెలవే. ఖాళీ దొరికిన కుర్రాళ్లని పోగేసింది ఎక్కువగా చర్చిలు, కార్ఖానాలు. ఎవర్టన్ 1878లో లివర్‌పూల్‌లోని ఒక మెథడిస్టు చర్చి జట్టు. మాంచెస్టర్ సిటీ మూలం 1880లో వెస్ట్ గోర్టన్‌లోని సెయింట్ మార్క్స్ చర్చి. ఆర్సెనల్‌ని 1886లో పెట్టింది వూలిచ్‌లో ఆయుధాలు చేసే కార్మికులు. వెస్ట్ హామ్ చొక్కా మీద రెండు సుత్తులు ఉంటాయి చూడండి, అవి థేమ్స్ ఐరన్‌వర్క్స్ ఓడల కార్ఖానా సుత్తులు. ఆ కార్మికుల జట్టు పుట్టింది 1895లో. ఇవాళ కోట్లలో తేలే ఈ క్లబ్బులన్నీ ఒకప్పుడు మీ అబ్బాయి క్లబ్బు లాంటివే.

డబ్బు పెరిగేకొద్దీ క్లబ్బు ఎవరిదన్న ప్రశ్న వచ్చింది. దానికి గట్టి జవాబు లండన్‌లోని వింబుల్డన్ ఫుట్‌బాల్ క్లబ్బు కథలో దొరుకుతుంది. 1988లో లివర్‌పూల్‌ని 1-0తో ఓడించి ఎఫ్‌ఏ (ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం) కప్పు ఎత్తుకుపోయిన జట్టు అది. 1991లో ప్లౌ లేన్ మైదానం వదిలి, ఇంకో క్లబ్బు మైదానంలో సర్దుకుంది. 2002 మేలో ఎఫ్‌ఏ నియమించిన కమిషన్ ఆ క్లబ్బు మిల్టన్ కీన్స్‌కి వెళ్లిపోవచ్చని తీర్పు చెప్పింది. అంటే ఊరు ఇక్కడ, దాని జట్టు దాదాపు 90 కిలోమీటర్ల అవతల! అభిమానులు ఏడ్చి ఊరుకోలేదు. కొన్ని వారాల్లోనే ఏఎఫ్‌సీ వింబుల్డన్ అని కొత్త క్లబ్బు పెట్టి, వింబుల్డన్ కామన్‌లో గడ్డి మీద ఆటగాళ్లకి ట్రయల్స్ పెట్టారు. లీగుల నిచ్చెనలో తొమ్మిదో మెట్టు నుంచి మొదలై 2011లో పై మెట్లైన ఫుట్‌బాల్ లీగ్‌కి చేరారు. 2020 నవంబర్‌లో ప్లౌ లేన్‌లోనే కొత్త స్టేడియంలోకి అడుగుపెట్టారు, అదీ కోవిడ్ రోజుల్లో, చూసేవాళ్లు లేకుండా. క్లబ్బు పగ్గాలు అభిమానుల ట్రస్టు చేతిలో ఉన్నాయి. ట్రస్టులో సభ్యుడికి ఒక్క ఓటే, ఎంత డబ్బున్నా. నాకు ఏ జట్టు మీదా పెద్ద పిచ్చి లేదు గానీ, ఈ కథ తలుచుకుంటే మాత్రం ఒళ్లు పులకరిస్తుంది.

సరే, మీ ఆదివారం సంగతికి వద్దాం. టచ్‌లైన్ (మైదానం పక్క గీత) దగ్గర మన నోరే మనకి శత్రువు. "పాస్ ఇవ్వరా, షూట్ చెయ్యరా" అని తెలుగులో అరిస్తే ఎవరికీ అర్థం కాదనుకుంటాం. అర్థం కావలసినవాడికి అవుతుంది, వాడు బంతి వదిలేసి మన మొహం చూస్తాడు. రిఫరీ చాలాసార్లు పదహారేళ్ల పిల్లాడే, అప్పుడప్పుడే నేర్చుకుంటున్నవాడు. ఇలాంటి అరుపులకి విసిగే 2008లో ఎఫ్‌ఏ రెస్పెక్ట్ అనే కార్యక్రమం తెచ్చింది. తాడు కట్టి తల్లిదండ్రుల్ని దాని వెనక నిలబెట్టడం అందులోదే. అండర్ 11 దాకా ఫలితాలు, పాయింట్ల పట్టికలు ప్రచురించరు. "మరి మావాడి ర్యాంకెంత?" అని అడగకండి. ర్యాంకు లేదు. మన ప్రాణానికి ఇది మింగుడుపడడం కష్టమే, నాకు రెండేళ్లు పట్టింది.

వయసు గ్రూపులకి లెక్క బడి లెక్కే, సెప్టెంబర్ 1 నుంచి ఆగస్టు 31. ప్రతి క్లబ్బులో పిల్లల భద్రత చూసే వెల్ఫేర్ ఆఫీసర్ ఉంటారు. చేరిన రోజే ఆ పేరు, నంబరు రాసి పెట్టుకోండి. మీరు కోచ్‌కి సాయం మొదలుపెడితే డీబీఎస్ చెక్, అంటే పాత నేరాల రికార్డు తనిఖీ, అడుగుతారు. అది మీ మీద అనుమానం కాదు, పిల్లల దగ్గర పనిచేసే ప్రతివాళ్లకీ ఉంటుంది. పిల్లాణ్ణి రంగు గురించో, పేరు గురించో ఎవరైనా మాట అంటే "పోనీలే" అని ఇంటికి రాకండి. వెల్ఫేర్ ఆఫీసర్‌కి రాతపూర్వకంగా చెప్పండి, కౌంటీ ఎఫ్‌ఏ, అంటే మీ జిల్లా ఫుట్‌బాల్ సంఘం, వరకూ వెళ్లొచ్చు. మనవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే వెనక్కి తగ్గుతారు.

అమ్మాయి ఉంటే అమ్మాయినీ చేర్చండి. "ఆడపిల్లకి ఫుట్‌బాలా" అని అడిగేవాళ్లకి ఈ దేశపు తప్పే చెప్పండి. 1920 క్రిస్మస్ మర్నాడు ఎవర్టన్ మైదానంలో ప్రెస్టన్ కార్ఖానా అమ్మాయిలు, డిక్ కెర్ జట్టు, ఆడుతుంటే సుమారు 53,000 మంది వచ్చారు. ఏడాది తిరక్కుండానే, 1921 డిసెంబర్‌లో, ఎఫ్‌ఏ తన క్లబ్బుల మైదానాల్లో ఆడవాళ్లని ఆడనివ్వద్దంది. ఆ నిషేధం దాదాపు 50 ఏళ్లు నడిచింది. 2022లోనూ 2025లోనూ యూరో కప్పు గెలిచింది అదే ఇంగ్లండ్ ఆడవాళ్ల జట్టు.

ఇంకొకటి. ఏడాదికోసారి క్లబ్బు సర్వసభ్య సమావేశం ఉంటుంది, ఏజీఎం అంటారు. మనవాళ్ల పిల్లలు పదిమంది ఆడే క్లబ్బులో కూడా ఏజీఎంలో మనవాళ్లు ఒక్కరూ కనపడరు. సబ్స్ ఎంత పెంచాలి, అమ్మాయిల జట్టు పెట్టాలా వద్దా, అన్నీ ఆ గదిలోనే తేలుతాయి. నేను తొలిసారి వెళ్లినప్పుడు మాట్లాడేవాళ్ల ఇంగ్లీషు సగం అర్థం కాలేదు. బయటికి వచ్చేసరికి మాత్రం ట్రెజరర్‌ని నేనే. లెక్కలు చూడటానికి ఇంకెవరూ చెయ్యెత్తలేదు మరి.

ఆ జంటకి చివర్లో చెప్పింది నెట్ల గురించే. పై కడ్డీ మధ్య నుంచి మొదలుపెట్టండి, తర్వాత పక్కలు. అడుగున వదులుగా వదిలితే బంతి కిందనుంచి పోయి గోలా కాదా అని రభస. జనవరిలో మాత్రం వేళ్లు బయటికుండే గ్లవ్స్ తెచ్చుకోండి, మామూలు వాటితో క్లిప్పులు పట్టవు.