‘ఒక్క సంవత్సరం ఇయ్యి’ అంటోంది మా పాప

ప్రశ్న: అన్నా, మా పాప ఇంటర్ ఎంపీసీ అయిపోయింది. ఎంసెట్ ర్యాంకు బాగానే వచ్చింది, సీటు కూడా వస్తుంది. ఇప్పుడేమో ఒక్క సంవత్సరం ఆగుతాను, పాటలు పాడుకుంటాను అంటోంది. టైలా అని సౌత్ ఆఫ్రికా పిల్లంట, ఆమె కూడా అమ్మానాన్నలను ఇట్లే ఒక్క ఏడాది అడిగి పెద్ద సింగర్ అయిపోయిందంట. మొన్న మిద్దె మీద ఆమె పాట పెట్టుకుని డాన్సు చేస్తూ వీపు మీద బాటిల్ నీళ్లు ఒంపుకుంది. మా అత్త చూసి ‘రెండు దినాలకొకసారి వచ్చే నీళ్లు, ఇట్ల పారబోస్తారా’ అని ఒకటే గొడవ. మా ఆయన రెండు వారాలుగా పాపతో మాట్లాడట్లేదు. ఆ టైలా కథ నిజమేనా? మేమేం చేయాలి?
(ఓ తల్లి, అనంతపురం)

జవాబు: అక్కా, నీళ్ల విషయంలో నా ఓటు మీ అత్తగారికే. ఆ పాట పేరే ‘వాటర్’, స్టేజి మీద ఆ అమ్మాయి వీపు మీద నీళ్లు ఒంపుకుని నడుము ఆడించే స్టెప్పుతోనే అది ప్రపంచమంతా పాకింది, కానీ అక్కడి స్టేజికీ మన మిద్దెకూ తేడా ఉంది కదా.

మీ పాప అబద్ధం చెప్పలేదు, కాకపోతే సగం చెప్పింది. టైలా 2002 జనవరి 30న జొహన్నెస్‌బర్గ్‌లో పుట్టింది. స్కూలు అయ్యాక మైనింగ్ ఇంజనీరింగ్‌లో చేరాల్సిన పిల్ల. ఆ ఊరే 1886లో బంగారం బయటపడితే దాని చుట్టూ లేచిన ఊరు, అక్కడ గనుల చదువంటే ఇంట్లోవాళ్లకు ఎంత ధీమాగా ఉంటుందో, రామగిరి బంగారు గనులు నడిచిన రోజులు చూసిన మీ జిల్లా పెద్దవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఆ చదువును పక్కనపెట్టి ఒక్క ఏడాది అడిగింది, వాళ్లూ సరేనన్నారు. ఇంతవరకు నిజం.

మిగతా సగం ఏమిటంటే, ఆ ఏడాది సున్నా నుంచి మొదలవలేదు. స్కూల్లో ఉన్నప్పటి నుంచే వేరేవాళ్ల పాటలు పాడి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టేది. 2019లో కూల్‌డ్రింక్ అనే డీజేతో కలిసి సొంత పాట ‘గెటింగ్ లేట్’ విడుదల చేసింది. దాని వీడియో బయటికి రావడానికి 2021 దాకా పట్టింది, ఒకవైపు డబ్బుల్లేవు, ఇంకోవైపు కరోనా. ఆ వీడియో వాళ్ల దేశంలో బాగా నడిచాకే ఎపిక్ అనే అమెరికా రికార్డు కంపెనీ సంతకం పెట్టించుకుంది. ‘వాటర్’ వచ్చింది 2023 జులైలో. లెక్క వేయండి అక్కా, అడిగింది ఒక ఏడాది, పట్టింది నాలుగేళ్లు.

ఆ తర్వాత మాత్రం పరుగే. ‘వాటర్’ అమెరికాలో పాటల ర్యాంకులిచ్చే బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలో 7వ స్థానం దాకా వెళ్లింది. 1968లో ట్రంపెట్ వాయించే హ్యూ మసెకెలా తర్వాత, అంటే 55 ఏళ్లకు, ఆ పట్టికలోకి సోలోగా ఎక్కిన సౌత్ ఆఫ్రికా కళాకారిణి ఈమే. సంగీతానికి పెద్ద అవార్డులిచ్చే అమెరికా గ్రామీ వాళ్లు 2024లో ఆఫ్రికా పాటలకని కొత్తగా ఒక అవార్డు పెడితే మొదటిది ఈమెకే వచ్చింది, బర్నా బాయ్, డేవిడో లాంటి నైజీరియా పెద్దలు పోటీలో ఉండగా, 22 నిండిన ఐదో రోజున. మార్చిలో మొదటి ఆల్బమ్ వచ్చింది. అదే నెలలో గాయం కారణంగా టూర్ మొత్తం రద్దయింది, కోచెల్లా అనే పెద్ద సంగీత ఉత్సవం కూడా పోయింది. అక్కడ పాడింది 2025లోనే. మీ పాపకు గ్రామీ సంగతి తెలిసే ఉంటుంది, ఈ గాయం సంగతి కూడా చెప్పండి, డాన్సుతో పాడే పాటంటే ఒళ్లు అరిగే పని.

మీరేం చేయాలంటే, ఏడాది ఇవ్వండి గానీ ఉత్త ఏడాది ఇవ్వొద్దు. సంక్రాంతికల్లా తన సొంత పాట ఒకటి పూర్తిగా రికార్డయి ఉండాలని మాట తీసుకోండి, కవర్ సాంగ్ కాదు, రీల్ అసలే కాదు. ఎంసెట్ మళ్లీ ఏడాది కూడా ఉంటుంది, పుస్తకాలు అటక మీదికి ఎక్కించొద్దని చెప్పండి. ఇంకో ముఖ్యమైన మాట, ‘సినిమాలో ఛాన్స్ ఇప్పిస్తాం, ముందు కొంచెం కట్టండి’ అనేవాళ్లకు రూపాయి కూడా ఇవ్వొద్దు. మా చెల్లెలి కొడుకు ఇట్లాగే నలభై వేలు పోసి, చివరికి ఒక పెన్‌డ్రైవ్ తెచ్చుకున్నాడు, అందులో వాడి గొంతు కూడా సరిగ్గా వినపడదు. ఇక మీ ఆయన గురించి: అరవడం లేదు కదా, మాట్లాడట్లేదంతే. పాపను ఒకరోజు అన్నం తినేటప్పుడు, మైకు లేకుండా, నీళ్లు లేకుండా ఒక పాట పాడమనండి. ఆయన చెవులు మూసుకోలేడు.

ప్రశ్న: టైలా ఇంటిపేరు ‘సీతల్’ అట కదా. ఆమె మన తెలుగమ్మాయే, కడప నుంచి పోయిన కుటుంబమే అని మా వాట్సాప్ గ్రూపులో వచ్చింది. నిజమేనా?
(ప్రొద్దుటూరు)

జవాబు: ఎవరు ఎక్కడ గెలిచినా మనూరి పేరు తగిలించేదాకా మనకు నిద్ర పట్టదు. టైలా లారా సీతల్ అన్నది పూర్తి పేరే. తనలో జులు, ఐరిష్, మారిషస్, ఇండియన్ రక్తం కలిసి ఉందని చెప్పుకుంది. ఇండియన్ అంటే కడప అని ఎక్కడా లేదు, కాబట్టి ఆ మెసేజ్‌ను ఇంకొకరికి పంపకండి. తెలుగువాళ్లు అక్కడికి పోయిన మాట మాత్రం నిజం. 1860 నవంబర్ 16న ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసు నుంచి చెరకు తోటల కూలీలను ఎక్కించుకుని డర్బన్ చేరింది, తర్వాత అట్లాంటివి చాలా ఓడలు పోయాయి, వాటిలో మన భాష మాట్లాడేవాళ్లూ ఉన్నారు. అప్పట్లో మన కడప, కర్నూలు, అనంతపురం కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోవే. 1931లో అక్కడివాళ్లు ఆంధ్ర మహాసభ కూడా పెట్టుకున్నారు. గ్రూపులో పంపాలనిపిస్తే ఇది పంపండి.

ప్రశ్న: అన్నా, నేను లాప్‌టాప్‌లో ఎఫ్ఎల్ స్టూడియో అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ పెట్టుకుని బీట్స్ చేస్తుంటా. టైలా పాటల్లో ‘డుంమ్’ అని జారిపోయే ఆ బేస్ ఏంది? నేనూ అట్లాంటిది చేస్తే నడుస్తుందా? అవార్డు ఇస్తే ఆమె ఎందుకు అలిగిందో కూడా చెప్పు.
(ఆదోని)

జవాబు: తమ్ముడూ, అలగలేదు. 2024లో ఎంటీవీ వాళ్లు ‘వాటర్’కి ‘బెస్ట్ ఆఫ్రోబీట్స్’ అవార్డు ఇచ్చారు, ఆఫ్రోబీట్స్ అంటే నైజీరియా వైపు పాప్ సంగీతం. తీసుకుంది, థాంక్స్ చెప్పింది, ఆ వెంటనే ఆఫ్రికా పాటలన్నిటినీ ఆఫ్రోబీట్స్ అనే ఒక్క గంపలో వేస్తున్నారు, నాది సౌత్ ఆఫ్రికా, మాది అమాపియానో అనింది. ఢిల్లీలో మనల్నందర్నీ కలిపి మద్రాసీలు అన్నట్టే కదా, నాకైతే ఆ మాట భలే నచ్చింది.

అమాపియానో అనేది ఒక డాన్సు సంగీతం, జులులో ఆ మాటకు ‘పియానోలు’ అని అర్థం. 2010లు సగం గడిచేసరికి జొహన్నెస్‌బర్గ్, ప్రిటోరియా చుట్టుపక్కల బస్తీల్లో పుట్టింది. రేడియోలు పట్టించుకోకముందే కుర్రోళ్లు వాట్సాప్‌లో ఒకరికొకరు పంపుకుని, షేర్ టాక్సీల్లో మోగించి ఊరంతా తిప్పారు. మన ఆటోల్లో కొత్త పాట మోగినట్టే. కబ్జా డి స్మాల్, డీజే మఫోరిసా వాళ్లవి విను. నిమిషానికి 110, 115 దెబ్బలు, అంతే, తొందరే ఉండదు. నువ్వడిగిన ఆ జారుడు బేస్ పేరు లాగ్ డ్రమ్. పేరుకు దుంగ అనుకునేవు, నిజం దుంగ కాదు, నీ ఎఫ్ఎల్ స్టూడియోలోనే డీఎక్స్10 అనే సింథసైజర్ తెరిచి, అందులో ముందే చేసిపెట్టిన శబ్దాల్లో (ప్రీసెట్లు) వెతుకు. టైలా దాన్ని మెత్తగా చేసి పైన అమెరికా పాప్ గొంతు పెట్టింది, ‘వాటర్’లో ఆమె వేసే బకార్డీ అనే స్టెప్పు ప్రిటోరియా వీధుల్లోది.

నువ్వు అదే చేస్తే నడుస్తుందా అంటే, అక్కడ అది చేసేవాళ్లు బోలెడంత మంది ఉన్నారు, ఆదోని నుంచి ఇంకొకటి ఎవరికి కావాలి? అనంతపురం వైపు ఉరుముల ఆట చూసినావా? అందులో ఉరుము అనే డోలును ఒక వైపు వంపు పుల్లతో రుద్దుతారు, కొట్టరు. రుద్దితే ‘ఊంమ్’ అని మూలుగుతూ జారే శబ్దం వస్తుంది. నేను మొదటిసారి లాగ్ డ్రమ్ విన్నప్పుడు నాకు ఎకాఎకీ ఉరుమే గుర్తొచ్చింది. చిన్నప్పుడు జాతరలో ఆ మూలుగుకు భయపడి మా అమ్మ కొంగు పట్టుకున్నా.

ఆ ఉరుము శబ్దం ఫోన్‌లో రికార్డు చేసుకుని నీ బీట్‌లో పెట్టు. జాతర రోజు పోతే గోలలో ఏమీ దొరకదు, ముందు రోజు సాయంత్రం పో. ఫోన్ వాయిద్యానికి ఆనించొద్దు, బేస్ పగిలిపోతుంది, రెండు మూరల దూరంలో పెట్టు. వాయించే ఆయనకు ముందే డబ్బులు మాట్లాడి చేతికివ్వు, పేరు అడిగి రాసుకో, పాట పెట్టినప్పుడు నీ పేరు పక్కన ఆయన పేరూ వెయ్యి. అయ్యాక నాకు పంపు, వింటా.