బుజ్జీ, హెడ్‌లైట్ విప్పే ముందు

బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "నీ మేనకోడలు కారు లైట్లు ఊడదీసి ఓవెన్‌లో పెడతానంటోంది అన్నయ్యా, కాస్త నువ్వే చెప్పు" అంది. నాకు ముందు గర్వంగానే అనిపించింది. మన ఇంట్లో మగపిల్లలు టైరు మార్చడానికి కూడా మనిషిని పిలుస్తారు. నువ్వేమో నీ జీతంతో పాత స్విఫ్ట్ కొనుక్కుని, దాని పని నేనే చేసుకుంటానంటున్నావు. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. సంక్రాంతికి ఆ కారులోనే వస్తావట, అదీ ఆఫీసు అయ్యాక బయలుదేరి. ఫోన్లో చెబితే సగం వింటావు, అందుకే రాస్తున్నాను. పని చేసేటప్పుడు ఈ కాగితం పక్కన పెట్టుకో.

అసలు నీ లైటు విప్పాల్సిన అవసరం ఉందా? ముందు అది తేల్చుకో. పగటిపూట అద్దం మీద గ్లాసెడు నీళ్ళు పోసి చూడు. తడిగా ఉన్నంతసేపూ లోపలి బల్బు స్పష్టంగా కనబడి, ఆరగానే మళ్ళీ మబ్బు పట్టిందంటే జబ్బంతా బయటే ఉన్నట్టు. నా అనుభవంలో మసకబారి వచ్చిన లైట్లలో ఎక్కువ భాగం ఇలాంటివే. వాటిని విప్పడం అనవసరం. తడిపినా, బయట రుద్దినా మసక పోకపోతేనో, లోపలివైపు దుమ్మో నీటిచుక్కలో కనబడితేనో అప్పుడు విప్పే సంగతి ఆలోచిద్దాం. వానాకాలంలో లోపల పల్చగా ఆవిరి పట్టి, లైటు వేసిన కాసేపటికి పోతుంటే కంగారు పడకు. లైటు వెనక గాలి ఆడటానికి చిన్న రంధ్రాలుంటాయి, అవి మూసుకుపోకుండా చూసుకుంటే చాలు. అడుగున నీళ్ళు నిలిస్తే మాత్రం సీలు పోయినట్టే.

మనం అద్దం అంటున్నాం గానీ అది పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్. నేను ఆటోనగర్‌లో పనిలో చేరినప్పుడు అంబాసిడర్లకు, లారీలకు గుండ్రటి గాజు లైట్లుండేవి. ఎదుటివాడి కళ్ళలో పడకుండా వాటి పై సగానికి నల్లరంగు వేయించుకునేవాళ్ళు. షెడ్డులో నాకు మొదట అప్పగించిన పని అదే. బ్రష్షూ, నల్లరంగు డబ్బా పట్టుకుని వరసగా లారీల ముందు కూర్చునేవాణ్ణి. ఆ గాజు పగిలేదే తప్ప మసకబారేది కాదు. ప్లాస్టిక్ తేలిక, రాయి తగిలినా తట్టుకుంటుంది, కానీ ఎండలోని అతినీలలోహిత (యూవీ) కిరణాలకు తట్టుకోలేదు. అందుకని కంపెనీలో పైన ఒక గట్టి పూత వేస్తారు. మన రోహిణి కార్తె ఎండల్లో ఏళ్ళ తరబడి నిలబడితే ఆ పూత పోతుంది, దాని కింద ప్లాస్టిక్ పసుపెక్కుతుంది. నీ కారుకు రెండు లైట్లూ ఒకేలా పోయి ఉండవు చూడు. పార్కింగులో ఏ వైపు ఎండ పడుతుందో ఆ వైపుది ఎక్కువ పోయి ఉంటుంది.

బయటి పని తేలికే. చుట్టూ రంగుకు మాస్కింగ్ టేపు రెండు వరసలు వెయ్యి. నీళ్ళు పోస్తూ వాటర్ పేపరుతో రుద్దు: 1000, 1500, 2000, 3000 నంబర్లు వరసగా. పసుపు మరీ మొండిదైతే 800తో మొదలుపెట్టు. మొదటి పేపరుకే పసుపంతా పోవాలి, తెల్లటి పాలలాంటి నీరు కారాలి. పేపరు మార్చినప్పుడల్లా కడుగు, లేకపోతే పాత ఇసుక కొత్త గీతలు పెడుతుంది. చివర పాలిష్ కాంపౌండు. అంతే.

అంతే అని ఆపేసేవాళ్ళే ఎక్కువ. రుద్దినప్పుడు మిగిలిన పూత కూడా పోయింది కదా, ఇక ప్లాస్టిక్ ఒంటి మీద బట్ట లేకుండా ఎండలో నిలబడినట్టే. పైన యూవీ నుంచి కాపాడే క్లియర్ కోట్ వేయకపోతే కొన్ని నెలల్లో మళ్ళీ పసుపు. కొట్టేది టూకే క్లియర్ (గట్టిపడే మందు కలిపి కొట్టే రకం) అయితే దాని ఆవిరి ఊపిరితిత్తులకు మంచిది కాదు. మామూలు గుడ్డ మాస్కు దానికి పనికిరాదు, పెయింటర్లు పెట్టుకునే ఫిల్టర్ల మాస్కు కావాలి. చిన్నప్పుడు నీకు ఆయాసం వచ్చి మీ అమ్మ రాత్రంతా నిన్ను భుజాన వేసుకుని తిరగడం నేను చూశాను. నువ్వు క్లియర్ జోలికి పోకు, పారదర్శకమైన పీపీఎఫ్ ఫిల్మ్ అంటించుకో. ఎండను ఆపే రకమేనా అని అడిగి మరీ తీసుకో.

టూత్‌పేస్టు రుద్దితే రెండు వారాలు మెరుస్తుంది, ఆ తర్వాత మామూలే. దోమల మందు పూస్తే మెరిసిందని ఎవరో చూపిస్తారు. అందులోని రసాయనం ప్లాస్టిక్ పైపొరను కరిగిస్తుంది కాబట్టి మెరుస్తుంది. పెట్రోలు, థిన్నరు, నెయిల్ పాలిష్ తుడిచే ద్రవం తగిలిస్తే సన్నటి పగుళ్ళు పుడతాయి, వాటికి మందు లేదు.

ఇప్పుడు మీ నాన్న సంగతి చెప్పాలి. ఆయన నీకు ఎప్పుడూ చెప్పి ఉండడు.

నీకప్పుడు నాలుగైదేళ్ళు. మీ నాన్న సెకండ్‌హ్యాండ్‌లో మొదటి కారు కొన్నాడు. బల్బులు మార్చిన వాడెవడో వెనక రబ్బరు టోపీలు తిరిగి పెట్టలేదు, రెండు లైట్ల లోపలికీ దుమ్ము చేరింది. మీ నాన్న ఎంత శుభ్రం మనిషో నీకు తెలుసు. చెప్పుల అడుగు కూడా కడిగే మనిషి. ఆ దుమ్ము చూసి ఊరుకోలేకపోయాడు. ఒక ఆదివారం లైట్లు ఊడదీసి, వేడినీళ్ళు పోసి, స్క్రూడ్రైవరుతో అద్దం విప్పేశాడు. అంతవరకూ బాగానే ఉంది. లోపల వెండిలా మెరిసే గిన్నె ఉంటుంది చూడు, రిఫ్లెక్టరు. దాని మీద కూడా దుమ్ముంది. కిరసనాయిల్లో తడిపిన పాత బనియను ముక్కతో తుడిచాడు. గుడ్డకు నల్లగా అంటుకుంటుంటే ఎంత మురికి ఉందోనని ఇంకా గట్టిగా తుడిచాడట.

ఆ నలుపు మురికి కాదు తల్లీ. ఆ మెరుపే.

రిఫ్లెక్టరు కూడా ప్లాస్టిక్కే. దాని మీద అల్యూమినియాన్ని శూన్యంలో ఆవిరి చేసి పట్టిస్తారు, వెంట్రుక మందంలో వందో వంతు కూడా ఉండదు. సీతాకోకచిలుక రెక్క పట్టుకుంటే వేలికి పొడి అంటుకుంటుందే, అలా వచ్చేస్తుంది. బల్బు వెలుగును పోగుచేసి రోడ్డు మీదికి పంపేది ఆ పొరే.

పగలు చూస్తే లైటు తళతళలాడుతోంది. ఆ వారమే జగ్గయ్యపేటలో పెళ్ళి. భోజనాలయ్యాక ఉండిపొమ్మంటే వినకుండా రాత్రే బయలుదేరారు. వెనక సీట్లో మీ అమ్మ ఒళ్ళో నువ్వు నిద్రపోతున్నావు. అప్పటికి ఆ హైదరాబాద్-విజయవాడ హైవే ఇంకా రెండు వరసల రోడ్డే. బల్బులు రెండూ వెలుగుతూనే ఉన్నాయి, కానీ ఆ వెలుగు రోడ్డు దాకా పోవడం లేదు, చెట్ల మీదికి చెదిరిపోతోంది. కంచికచర్ల దాటాక పత్తి లోడుతో ఒక ట్రాక్టరు ట్రక్కు చెడిపోయి రోడ్డు మీదే ఆగి ఉంది, వెనక రిఫ్లెక్టరు స్టిక్కరు లేదు, లాంతరు లేదు. మీ నాన్నకు అది కనబడేసరికి బ్రేకు వేసే దూరం లేదు. కుడికి కోసేశాడు. ఎడమవైపు అద్దం, రెండు తలుపులు గీసుకుపోయాయి. ఆ ఎడమ తలుపు పక్కనే నువ్వున్నావు. ఎదురుగా బండి రాలేదు, మన అదృష్టం.

పొద్దున్నే కారు నా షెడ్డుకు తెచ్చాడు. లైటు విప్పి చూస్తే గిన్నె చాలావరకు బోడిగా, బూడిదరంగు ప్లాస్టిక్ బయటపడి ఉంది. తలుపుల సంగతి అడగకుండా "ఇది నేను తుడిచినందుకేనా?" అన్నాడు. అవునని చెప్పాను. షెడ్డు బయట స్టూలు మీద చాలాసేపు కూర్చుండిపోయాడు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆయన రాత్రిపూట మీతో ప్రయాణం పెట్టుకోలేదు. పిరికివాడని మీరంతా ఆటపట్టించేవాళ్ళు, నేను విన్నాను. ఇకమీదట అనకు.

కాబట్టి విప్పక తప్పకపోతే ఇలా చెయ్యి. బ్యాటరీ నెగటివ్ వైరు తీసి, బల్బులు, రబ్బరు టోపీలు, స్క్రూలు, క్లిప్పులు అన్నీ ఊడదీశాకే వేడి పెట్టు. మీ ఓటీజీ ఓవెన్‌లో ఆ లైటు పట్టదు. పట్టినా కాయిలు దగ్గరగా ఉండి ఒక మూల కరిగిస్తుంది. హీట్ గన్ తెచ్చుకుని, జానెడు దూరం నుంచి అంచు వెంట కదుపుతూ ఉండు, ఒకచోట నిలపకు. అద్దాన్ని అంటించి ఉంచేది బ్యూటైల్ (రబ్బరు బంక) సీలు అయితే మెత్తబడి బంకలా సాగుతుంది. ఎంత వేడికీ సాగలేదంటే అది వేరే రకం గమ్ము. అక్కడితో ఆపేసి నాకు ఫోన్ చెయ్యి, స్క్రూడ్రైవరు దూర్చకు. రిఫ్లెక్టరును ముట్టుకోకు, దుమ్ముంటే రబ్బరు బల్బు పంపుతో గాలి ఊది వదిలెయ్యి. మిగిలిన దుమ్ము వల్ల నష్టం తక్కువే. మూసేటప్పుడు కొత్త బ్యూటైల్ తాడే వాడు. పుల్లటి వాసన వచ్చే సిలికాన్ వద్దు, దాని ఆవిరి లోపలి మెరుపును తినేస్తుంది.

ఎల్ఈడీ బల్బులు కూడా వేస్తానన్నావట. వద్దు. ఆ గిన్నెను హాలోజన్ బల్బు తీగ ఎక్కడుంటుందో లెక్క చూసి చేశారు. వేరే బల్బు పెడితే నీకు బాగా కనబడినట్టుంటుంది, ఎదుటివాడికి కళ్ళు పోతాయి, వాడొచ్చేది నీ మీదికే. హెచ్4, 60/55 వాట్లది మంచిది వేసుకో. గాజును వేలితో తాకొద్దు. వంద వాట్లది అమ్మజూపితే తీసుకోకు, హోల్డరు కాలిపోతుంది.

విప్పడానికి ముందే చెయ్యాల్సిన పని ఒకటుంది, మరిచిపోతావని ఇక్కడ గీత గీసి రాస్తున్నాను. చదునైన చోట గోడకు దగ్గరగా కారు ఆపి, లైటు మధ్యభాగం ఎత్తులో గోడ మీద టేపు అంటించు. నేరుగా 10 మీటర్లు వెనక్కి పో. డిప్పర్ (కిందికి పడే దగ్గరి వెలుగు) వేస్తే వెలుగు పై అంచు టేపుకు సుమారు 10 సెంటీమీటర్లు కిందుండాలి, ఎడమవైపు మాత్రం కాస్త పైకి ఎక్కాలి. అంత చోటు లేకపోతే 5 మీటర్లకు 5 సెంటీమీటర్లు. ఇప్పుడెలా ఉందో ఫోటో తీసి ఉంచుకో. తిరిగి బిగించాక మళ్ళీ చూసి, తేడా వస్తే వెనక ఉండే స్క్రూతో సరిచెయ్యి.

వాటర్ పేపర్లు, బ్యూటైల్ తాడు చుట్ట, రెండు కొత్త రబ్బరు టోపీలు హైదరాబాద్ బస్సుకు కార్గోలో వేశాను. టోపీలు బిగించాకే బానెట్ మూయి. పని అయ్యాక గోడ మీద వెలుగు ఫోటో నాకు పంపు. నేను చూసి సరే అనేదాకా ఆ కారు రాత్రి బయటికి తీయకు. పండక్కి పగలే రా. జనవరిలో చౌటుప్పల్ నుంచి సూర్యాపేట దాకా తెల్లవారుజామున మంచు కూడా కమ్ముతుంది, ఎండ వచ్చాకే బయలుదేరు. నందిగామ చేరాక ఒక ఫోన్ కొట్టు, మీ అత్తయ్య అప్పుడు అన్నం వండుతుంది.

మీ మామయ్య