డాలస్‌లో కారు, గ్యాసు, ఇండియా ప్రయాణం: ముందు ఏది తగ్గించాలి?

డాలస్‌లో మీకు రెండు పెట్రోలు కార్లు, ఇల్లు వేడిచేసే గ్యాసు ఫర్నేసు, ఏటా నలుగురూ హైదరాబాద్ ప్రయాణం; వాతావరణం కోసం ప్లాస్టిక్ సంచులు మానేశాం, ఇంకేం చేయాలని అడిగారు. సంచులు మానడం మంచిదేనండీ, కానీ భూమిని వేడెక్కించే కార్బన్ లెక్కలో అసలు బరువు అక్కడ లేదు.

గాలన్ పెట్రోలు కాలితే దాదాపు 8.9 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. గాలన్‌కు 25 మైళ్లిచ్చే కారు ఏడాదికి 12,000 మైళ్లు తిరిగితే నాలుగు టన్నులు దాటుతుంది. ఇండియాలో మనిషికి ఏడాది సగటు కార్బన్ డయాక్సైడ్, అన్ని అవసరాలకూ కలిపి, రెండు టన్నుల చుట్టూ ఉంటుంది. ఈ తేడా తెలిశాక నాకు నిజంగా మనసు ఊరుకోలేదు. అందుకే ‘కంపెనీలు మారకుండా మనం మారి ఏం లాభం’ అన్న మీవారి మాటతో నేను ఏకీభవించను. కంపెనీలను నిలదీయాల్సిందే, మన వాటా కూడా దించుకోవాల్సిందే.

ఎక్కువ తిరిగే కారు మార్చే సమయం వచ్చినప్పుడు ఎలక్ట్రిక్‌ది తీసుకోండి. ఏసీ పాడైన రోజున దాని బదులూ, ఫర్నేసు బదులూ పనిచేసే హీట్ పంపు పెట్టించండి. ఒక యూనిట్ కరెంటుతో రెండు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది.

విమానమే కష్టం. రానూపోనూ మనిషికి రెండు టన్నుల పైనే. అమ్మానాన్నలను చూడొద్దని ఎవరనగలరు? ఏటా రెండు వారాలకు బదులు రెండేళ్లకోసారి వేసవి సెలవులంతా ఉండి రండి. పిల్లలకు తాతయ్య, అమ్మమ్మల దగ్గర తెలుగూ వస్తుంది.

ఈ వారమే చేయగలిగింది కరెంటు ప్లాన్. డాలస్‌లో సరఫరాదారును మనమే ఎంచుకోవచ్చు కాబట్టి, టెక్సస్ రాష్ట్రం నడిపే ‘పవర్ టు చూజ్’ సైటులో పూర్తి పునరుత్పాదక ప్లాన్లు చూడండి. పాత ఒప్పందం ముగియడానికి ముందు 14 రోజుల్లో మారితే జరిమానా ఉండదు. గడువు తేదీ బిల్లులోనే ఉంటుంది.