వంశవృక్షంలో తప్పు బయటపడితే మొత్తం చెరిపేసి మళ్లీ మొదలుపెట్టాలా?

మీరు అడిగింది ఇదీ: ఏడు తరాల దాకా ఫ్యామిలీ ట్రీ కట్టారు. ముత్తాతగారి తండ్రి ఫలానా ఆయన అని పెట్టారు. నెట్‌లో ఇంకో ఐదు ట్రీలలోనూ అదే ఉంది. ఇప్పుడు మీ పిన్నిగారు "ఆయన మనవాళ్లలో మనిషి కాదు, వాళ్లది వేరే కుటుంబం" అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి, తప్పే అయితే మళ్లీ మొదటినుంచి కట్టుకోవాలా అని.

చెరపకండి. నేను కోపంలో ఆ పని చేసి, పనికొచ్చే సమాచారం కూడా పోగొట్టుకుని, మళ్లీ ఆరు నెలలు వెతుక్కున్నాను. ఇలాంటి తప్పు చాలావరకు ఒక్క గీతలోనే ఉంటుంది. ట్రీలో ఉన్నవాళ్లు నిజంగా పుట్టి పెరిగినవాళ్లే, కాగితాలూ అసలైనవే. ఈయన కొడుకు ఆయన అని మనం గీసిన గీత దగ్గరే తేడా కొడుతుంది. కాబట్టి ఏ గీతకి ఏ ఆధారం ఉందో చూడాలి.

నా సంగతి చెబుతాను. మా ముత్తాతది చాలా మామూలు పేరు. మరణాల రిజిస్టరులో అదే పేరు, మావాళ్లు ఉన్న చోటే, నేను అనుకున్న దశాబ్దంలోనే కనిపించింది. పక్కన తండ్రి పేరు కూడా ఉంది. అర్ధరాత్రి దాటిపోయింది, ఇంట్లో అందరూ నిద్రపోతున్నారు. ఆ తండ్రి పేరు పట్టుకుని వెళ్తే తెల్లారేలోపు ఇంకో మూడు తరాలు వచ్చి ఒళ్లో పడ్డాయి. అంత సులువుగా వచ్చినప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు సరికదా, పొద్దున్నే చుట్టాలందరికీ ప్రింట్లు పంపించాను.

నాలుగేళ్ల తర్వాత మా బాబాయి పాత పెట్టె సర్దుతూ ఒక దస్తావేజు తీసి ఇచ్చారు. మా ముత్తాత భూమి అమ్మిన కాగితం. అడుగున ఆయన సంతకం. తేదీ చూస్తే, ట్రీలో నేను ఆయన పోయినట్టు పెట్టిన రోజుకి రెండేళ్ల తర్వాతది.

పోయిన మనిషి సంతకం పెట్టడు కదా! అయినా నాకు ముందుగా వచ్చిన ఆలోచన "దస్తావేజు రాసినవాడు తేదీ తప్పు వేసి ఉంటాడు" అని. ఆ తర్వాత "రిజిస్టరులో ఏడాది తప్పు పడిందేమో" అనుకున్నాను. పడబోతున్న గోడ పగుళ్లకి సున్నం పూసినట్టు నెలరోజులు ఇలా సర్దిచెప్పుకుంటూ గడిపాను. ఈ పనిలో తప్పు చేయడం కన్నా, తప్పు కళ్లముందు కనబడ్డాక దానికి సాకులు వెతకడమే ఎక్కువ నష్టం చేస్తుంది. మీరు పిన్నిగారి మాట విని ఆగారు, ఆ విషయంలో నాకన్నా నయం.

చివరికి చేసిన పని ఇదీ. ఆ పేరుతో నా దగ్గరున్న ఒక్కో రికార్డునీ ఒక్కో చీటీ మీద రాశాను. "ముత్తాత" అనే మాట ఎక్కడా వాడలేదు. కాగితంలో ఏముందో అంతే: తేదీ, వయసు, భార్య పేరు, పిల్లల పేర్లు, చేసే పని, సాక్షులెవరు, కింద సంతకమా వేలిముద్రా. మొత్తం పదమూడు చీటీలు. నేలమీద పరిచి చూస్తే పావుగంటలో విషయం తేలిపోయింది. సంతకం ఉన్న ఆరింటిలో భార్య పేరు ఒకటి. వేలిముద్ర ఉన్న ఐదింటిలో భార్య పేరు వేరే. సాక్షులు కూడా ఒక గుంపులోవాళ్లు రెండో గుంపులో లేరు. సంతకం చేయగలిగినవాళ్లు కూడా చేయి వణికే వయసులో వేలిముద్ర వేస్తారు, కాబట్టి అదొక్కటే చూసి తేల్చకూడదు. ఇక్కడ మూడు విషయాలూ ఒకే చోట విడిపోయాయి. అంటే ఒకే పేరుతో ఇద్దరు మనుషులు. నేను వాళ్లని ఒకరిగా కుట్టేశాను. మిగిలిన రెండు చీటీలు ఎవరివో ఇప్పటికీ తెలియదు, విడిగా కవర్లో పెట్టుకున్నాను.

మీరు కూడా మీ ముత్తాతగారి దగ్గర ఇలాగే చీటీలు రాసుకోండి. కంప్యూటర్లో కాకుండా చేత్తో రాయండి. స్క్రీన్ మీద రికార్డులన్నీ అప్పటికే ఒకరి పేరు కింద చేరి ఉంటాయి, విడిగా చూడాలన్నా చూడలేం.

చీటీ రాసేటప్పుడు ఇంకో సంగతి: ఆ వివరం చెప్పిందెవరు? మరణ రికార్డునే తీసుకోండి. పోయిన తేదీ నమ్మొచ్చు, దగ్గరున్నవాళ్లు రెండు మూడు రోజుల్లో చెప్పింది కాబట్టి. అదే కాగితంలో ఉన్న పుట్టిన ఏడాది, తల్లిదండ్రుల పేర్లు మాత్రం డెబ్భై ఏళ్ల కిందటి ముచ్చట. అవి చెప్పింది అల్లుడో, పక్కింటాయనో అయి ఉండొచ్చు. వాళ్లు ఆయన తల్లిని చూసిందే లేదు. ఒకే కాగితంలో సగం గట్టి సమాచారం, సగం చెప్పుడు మాట. సమాధి రాయి కూడా అంతే. పోయిన పాతికేళ్లకి మనవలు వేయించిన రాయి మీద పుట్టినరోజు ఉన్నంత మాత్రాన అది రుజువు కాదు. మా ఇంట్లో 1930 నాటిదని చెప్పుకునే ఒక ఫోటో ఉంది. వెనకాల పేర్లన్నీ బాల్ పెన్నుతో రాసి ఉన్నాయి. బాల్ పెన్నులు జనం చేతికి వచ్చిందే 1940ల్లో. అంటే ఆ పేర్లు ఎవరో తర్వాతెప్పుడో గుర్తుచేసుకుని రాసినవి. అందులో ఒక పేరు తప్పని ఆ తర్వాత తేలింది కూడా.

లెక్కలు ఒకసారి సరిచూసుకోండి. తల్లి వయసు పదేళ్లప్పుడు బిడ్డ, అరవై ఏళ్లప్పుడు బిడ్డ, ఐదు నెలల తేడాతో అన్నదమ్ములు, తల్లి పోయిన మరుసటేడు పుట్టిన కూతురు... ఇవి మీ ట్రీలో ఎక్కడున్నా అక్కడ గీత గానీ తేదీ గానీ తప్పినట్టే. (తండ్రి పోయాక కొన్ని నెలలకి బిడ్డ పుట్టడం మామూలే, దాన్ని చూసి కంగారుపడకండి.) సాఫ్ట్‌వేర్లు వీటికి ఎర్ర గుర్తు చూపిస్తాయి. మనం దాన్ని మూసేసి ముందుకెళ్లిపోతాం.

వయసులు మాత్రం మరీ బిగించి చూడొద్దు. 1841లో బ్రిటన్ జనాభా లెక్కల్లో పదిహేనేళ్లు దాటినవాళ్ల వయసుని ఐదేళ్ల మెట్టుకి తగ్గించి రాయమన్నారు. 34 ఏళ్లవాడు 30 అయిపోయాడు. అందరూ దాన్ని పాటించలేదు కూడా. ఎక్కడి రికార్డులోనైనా 40, 50, 60 లాంటి అంకెలు కనిపిస్తే "సుమారు" అని కలుపుకుని చదవండి. వయసులో మూడేళ్లు తేడా వచ్చిందని అసలు మనిషినే వదిలేసినవాళ్లని చూశాను. అదీ తప్పే.

తేదీల్లో ఇంకో చిక్కుంది. జార్జ్ వాషింగ్టన్ పుట్టినప్పటి లెక్కలో ఆయన పుట్టినరోజు 1731 ఫిబ్రవరి 11. ఇప్పుడు మనం చెప్పుకునేది 1732 ఫిబ్రవరి 22. రెండూ సరైనవే. బ్రిటన్, దాని వలసలు 1752లో క్యాలెండర్ మార్చి, తేదీని పదకొండు రోజులు ముందుకు జరిపాయి. అంతకుముందు ఇంగ్లండ్‌లోనూ వలసల్లోనూ కొత్త ఏడాది మార్చి 25న మొదలయ్యేది, కాబట్టి ఫిబ్రవరి పాత ఏడాదిలోకే వచ్చేది. రష్యా 1918లో గానీ మారలేదు. ఇది తెలియక ఒకే మనిషిని ఇద్దరుగా విడగొట్టినవాళ్లు ఉన్నారు. అంత పాత కాలం దాకా వెళ్లక్కర్లేదు, 7/4 అని ఉంటే అమెరికాలో ఉన్న చుట్టం జులై 4 అని రాశారా, మనలాగా ఏప్రిల్ 7 అనా? ట్రీలో నెలని అక్షరాల్లో రాసుకోండి, గొడవ వదిలిపోతుంది.

పిన్నిగారి మాట దగ్గరికి వస్తాను. "మీరు చెప్పేది తప్పేమో పిన్నీ" అని మొదలుపెట్టకండి, అక్కడితో నోరు మూసుకుపోతుంది. "ఈ సంగతి నీకు ఎవరు చెప్పారు పిన్నీ, అప్పుడు నువ్వెంత ఉన్నావు?" అని అడగండి. ఆవిడ పదేళ్ల వయసులో వాళ్ల నాయనమ్మ నోట విని ఉంటే దానికి బరువుంది. రెండేళ్ల కిందట ఎవరి పెళ్లిలోనో విన్నదైతే అంత బరువు లేదు. వీలైతే రికార్డు చేసుకోండి, ఎందుకంటే ఆవిడ వాడిన వరుస మాట చాలా ముఖ్యం. మన భాషలో తాత తమ్ముడు కూడా తాతే, పెద్దనాన్న కొడుకూ అన్నయ్యే. మా నాన్న "తాతయ్య తాతయ్య" అంటూ చెప్పిన కథల్లో సగం తాతయ్యగారి తమ్ముడివని నాకు ముప్పై ఏళ్లకి తెలిసింది. ఇది మన ఒక్కళ్ల బాధే కాదు. పాత ఇంగ్లీషు వీలునామాల్లో "కజిన్" అంటే మేనల్లుడో అన్న కూతురో కూడా కావచ్చు. "సీనియర్", "జూనియర్" అని ఉంటే తండ్రీకొడుకులే కానక్కర్లేదు, ఒకే చోట ఒకే పేరుతో ఉన్న పెద్దాయన, చిన్నాయన కూడా కావచ్చు. బిడ్డ పోతే తర్వాత పుట్టిన బిడ్డకి అదే పేరు పెట్టిన కుటుంబాలు కూడా చాలా ఉన్నాయి. మీ దగ్గరున్న పుట్టిన రికార్డు ఆ మొదటి బిడ్డదేమో కూడా చూసుకోండి.

ఇక ఐదు ట్రీలలో ఒకటే ఉంది అన్నారు. అది ఐదు సాక్ష్యాలు కాదు. నా తప్పు తెలిసి దిద్దుకునేసరికి మా ముత్తాత నాలుగు ట్రీలలో ఉన్నారు. మూడింటిలో ఆయన భార్య పేరులో ఒక ఒత్తు తప్పు. ఆ ఒత్తు తప్పుగా టైపు చేసింది నేనే! అంటే నా అబద్ధం ఊరంతా తిరిగి నాకే సాక్ష్యం చెబుతోంది. మీరు చూసిన ఐదింటిలో అక్షర దోషాలు, తేదీలో వింతలు ఒకేలా ఉన్నాయేమో చూడండి. ఉంటే అవన్నీ ఒకదాని కాపీలే. ఒక్కదానికైనా కింద రికార్డు జతచేసి ఉందా? లేకపోతే పక్కన పెట్టేయండి. అచ్చు పుస్తకమైనా ఇంతే. గుస్తావ్ అంజూ అనే ఆయన (1863–1942) అమెరికాలో డబ్బున్న కుటుంబాలకి అందమైన వంశచరిత్రలు కల్పించి అమ్మాడు. అందులో దొంగ ఆధారాలున్నాయని బయటపడ్డాక కూడా వాటిని చూసి కాపీ చేసుకున్న ట్రీలు మిగిలే ఉన్నాయి.

డీఎన్‌ఏ పరీక్ష చేయించమని ఎవరైనా చెబుతారు. పనికొస్తుంది, కానీ అది చుట్టరికం పేరు చెప్పదు, ఎంత పంచుకున్నారో మాత్రమే చెబుతుంది. సుమారు 1,750 సెంటీమోర్గాన్లు (ఇద్దరి డీఎన్‌ఏ ఎంత కలిసిందో చెప్పే కొలత) కలిశాయంటే ఆ మనిషి తాతయ్య కావచ్చు, మేనత్త కావచ్చు, సవతి అన్న కూడా కావచ్చు. మ్యాచ్ రాకపోవడం కూడా దూరాన్ని బట్టి చూడాలి. మీ తాత, ఇంకొకరి తాత సొంత అన్నదమ్ములైతే మీ ఇద్దరికీ కలవాల్సిందే. ఇంకో రెండు తరాలు పైకి వెళ్తే మాత్రం నిజమైన చుట్టాల్లో కూడా సగం మందికి కలవకపోవచ్చు. బంధువుల్లోనే పెళ్లిళ్లు జరిగిన కుటుంబాల్లో అంకెలు ఉన్నదానికన్నా పెద్దగా కనిపిస్తాయి, దూరపువాళ్లు దగ్గరివాళ్లలా కనబడతారు. ఇంకో మాట, ఎవరూ ఊహించని నిజం బయటపడే అవకాశం ఉంది. శాంపిల్ ఇచ్చే పెద్దవాళ్లకి అది ముందే చెప్పి ఒప్పించండి. నేనైతే కాగితాలన్నీ అయిపోయాకే అటు వెళ్లాను.

తప్పని తేలితే దిద్దడం ఎలా అంటే, మనిషిని డిలీట్ చేయకుండా సంబంధాన్ని మాత్రం విడదీయండి. ఫ్యామిలీసెర్చ్ అనే వెబ్‌సైట్‌లో అందరికీ కలిపి ఒకటే ట్రీ, ఎవరైనా మార్చగలరు. అక్కడ కారణం రాసే చోట రెండు వాక్యాలు రాయకపోతే వారంలో ఎవరో వచ్చి పాత తప్పే మళ్లీ కలిపేస్తారు. "ఈ మరణ రికార్డు ఫలానా భార్య ఉన్న వేరే మనిషిది, ఈయన రెండేళ్ల తర్వాత దస్తావేజు మీద సంతకం చేశారు" అని నేను రాశాను, ఇప్పటిదాకా ఎవరూ ముట్టుకోలేదు. యాన్సెస్ట్రీ లాంటి వెబ్‌సైట్లలో ఎవరి ట్రీ వాళ్లది, మీరు వేలు పెట్టలేరు. మెసేజ్ పెట్టండి, రికార్డు ఫోటో జతచేయండి, "మీది తప్పు" అనకండి. నేను నలుగురికి రాశాను. ఇద్దరు మార్చారు, ఒకరు థ్యాంక్స్ చెప్పి అలాగే వదిలేశారు, నాలుగో ఆయన నుంచి ఉలుకూ పలుకూ లేదు. ప్రింట్లు పంపిన చుట్టాలకి కూడా దిద్దిన కాపీ పంపాలి. అది కాస్త నామోషీగానే ఉంటుంది. మా పెద్దనాన్న అయితే పాతదాన్నే ఫ్రేమ్ కట్టించి హాల్లో పెట్టుకున్నారు, ఇప్పటికీ తీయలేదు.

ఆ రాత్రి నాకు దొరికిన మూడు తరాలూ వృథా కాలేదు. వాళ్ల అసలు వారసురాలు ఒకావిడ తర్వాత నాకు మెసేజ్ పెట్టారు. ఫైలంతా ఆవిడకి ఇచ్చేశాను. మా ముత్తాత పై గడి మాత్రం ఖాళీగానే ఉంది.

మీరు ముందు పిన్నిగారికి ఫోన్ చేయండి, చీటీలు ఆ తర్వాత. ముత్తాతగారి చేతి సంతకం ఉన్న కాగితం ఆవిడ దగ్గర ఏదైనా ఉందేమో కూడా అడగండి.